ఇరవై నాలుగేళ్లు హరిశ్చంద్రుడు వేసినవాణ్ని వింగ్‌లో నిలబడమన్నారు

హన్మకొండ నుంచి ఒక రిటైర్డ్ తెలుగు సారు రాసిన ఉత్తరం ఇది. పదకొండు పేజీలు, చేతిరాత, కొట్టివేతలు రెండే రెండు. పేరు వేయొద్దన్నారు. సంగతి చెడకుండా కుదించి చెబుతున్నాను.

ఆయనకిప్పుడు అరవై రెండేళ్లు. సొంతూరు జనగామ వైపు ఒక పల్లె. ఏడెనిమిదేళ్లప్పుడు ఊళ్లో చిందోళ్లు, అంటే చిందు యక్షగానం ఆడేవాళ్లు, భాగోతం ఆడారు. నాయన గొంగట్లో దూరి, నిద్ర ఆపుకుంటూ తెల్లవారేదాకా చూశారట. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకున్న తెర. పైన కిరీటం అంచు కనిపిస్తుంది, కింద గజ్జెల కాళ్లు కనిపిస్తాయి, మధ్యలో ఉన్నది ఎవరో తెలియదు. తెర దించగానే పెట్రోమాక్స్ వెలుగులో అర్దళం అనే పసుప్పచ్చ రంగు పూసిన ముఖం పచ్చగా మెరిసింది. పొద్దున లేచి బావికాడికి పోతే రాత్రి రాజు అక్కడే గట్టు మీద కూర్చుని, చెవుల వెనక మిగిలిన రంగును నూనె గుడ్డతో తుడుచుకుంటున్నాడు. “మోసపోయాననిపించలేదు. నాకొక్కడికే ఏదో రహస్యం తెలిసినట్టు అనిపించింది” అని రాశారు.

డిగ్రీ చదవడానికి 1981లో హన్మకొండ వచ్చారు. అప్పటి కాలేజీ కుర్రాళ్లకు నాటకమంటే డప్పు, గొంగడి, చౌరస్తా. ఈయన కూడా గజ్జె కట్టారు. ఒకసారి ఆట మధ్యలో పోలీసు జీపు వస్తే ఆ గజ్జెలతోనే సందుల్లో పడి పరుగెత్తారు, చప్పుడు ఎటు పోతే జీపు అటు వచ్చిందట. టీచరు ఉద్యోగం, పెళ్లి అయ్యాక పరిషత్తు నాటికలు, అంటే నాటక పోటీల్లో ఆడేవి. గంటసేపటి సాంఘిక నాటిక, మూడు గోడల సెట్టు, పోటీ, అర్ధరాత్రి బస్సులో తిరుగు ప్రయాణం. ముప్పై ఎనిమిదో ఏట ఒక నాటక సమాజంలో హరిశ్చంద్ర వేషం ఖాళీ అయింది, గొంతు బాగుంటుందని ఈయన్ను అడిగారు. అప్పట్నుంచి ఇరవై నాలుగేళ్లుగా ఆయనే హరిశ్చంద్రుడు. ఇంట్లో భార్య కూరగాయలు తరుగుతూ చంద్రమతి మాటలు అందిస్తుంటే ఈయన పద్యం ఎత్తుకునేవారు.

ఈ మధ్య రిహార్సల్‌లో రెండు సంగతులు జరిగాయి. కాటి సీనులో ఒక పద్యం మూడో పాదం గుర్తుకు రాలేదు. రెండోది ఆయనకు ఇంకా లోతుగా తగిలింది. హార్మోనియం పెద్దాయన చెప్పాపెట్టకుండా శృతి ఒక మెట్టు దించి వాయించాడు. “ఇంకెవరూ పట్టుకోలేదు, నేను పట్టుకున్నాను. ఆయన నా కళ్లలోకి చూడలేదు.” వారం తర్వాత సమాజం వాళ్లు పండ్లు పట్టుకుని ఇంటికొచ్చారు. ఈసారి హరిశ్చంద్ర వేషం ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడు వేస్తాడు, సారు ప్రాంప్టింగ్ చూసుకోవాలి, అంటే స్టేజీ పక్కన వింగ్‌లో నిలబడి మరిచిపోయినవాళ్లకు మాట అందించాలి అన్నారు. ఆ కుర్రాడు కాళ్లకు దండం పెట్టి “మీరు వింగ్‌లో ఉంటే నాకు ధైర్యం సార్” అన్నాడు. ఈయన అందరికీ టీ ఇచ్చి పంపించి, ఆ రోజు నుంచి రిహార్సల్‌కు పోవడం మానేశారు. కుర్రాడు వాట్సాప్‌లో పద్యాలు పాడి పంపిస్తున్నాడు. జవాబు లేదు.

ఇప్పుడు ఆయన మనసులో ఒక ఆలోచన తిరుగుతోంది. రిటైర్మెంటు డబ్బులో నాలుగు లక్షలు తీసి, సొంత సమాజం పెట్టి, బయటి నుంచి ఆర్టిస్టులను పిలిపించి, పెద్ద హాల్లో ఒక్కసారైనా మళ్లీ హరిశ్చంద్రుడిగా నిలబడాలని. భార్యకు ఇంకా చెప్పలేదు. ఇన్నేళ్లకు మనిషి ఇంటిపట్టున దొరికాడని ఆమె సంతోషంగా ఉందట. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు “యూట్యూబ్‌లో పెట్టుకో నాన్నా” అన్నాడట. మొన్న కాళోజీ కళాక్షేత్రంలో ఏదో నాటకం ఉంటే పోయి, ఇంటర్వెల్‌కే లేచి వచ్చేశారు. “కుర్చీలో కూర్చోలేకపోయాను. నాకున్నది నాటకం మీద ప్రేమా, చప్పట్ల మీద యావా? డబ్బు పెట్టాలా, ప్రాంప్టింగ్‌కు ఒప్పుకోవాలా, అన్నీ మానేయాలా?” అని అడిగారు.

సార్, మీరు ముప్పై ఏళ్లకు పైగా పేపర్లు దిద్దారు కదా, మీ ఉత్తరాన్ని నేనూ అలాగే దిద్దాను. భాగోతం రాత్రికి రెండు పేజీలు. పోలీసు జీపుకు పేజీన్నర. మీకొచ్చిన ఉత్తమ నటుడి బహుమతులన్నింటికీ కలిపి ఒకటే వాక్యం, అది కూడా “కొన్ని ప్రైజులు కూడా వచ్చాయి” అని. చప్పట్ల యావ ఉన్న మనిషి ఇలా లెక్క తప్పడు. చప్పట్లు చేదనే నటుణ్ని నేనింతవరకు చూడలేదు, మీకూ చేదు కాదులెండి. జనం వన్స్‌మోర్ అంటే చచ్చిపోయిన పాత్ర లేచి పద్యం మళ్లీ పాడి మళ్లీ చచ్చిపోయిన కథలు పద్య నాటకాల వాళ్లు నవ్వుతూ చెప్పుకుంటూనే ఉంటారు. దానికి మీరొక్కరే సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఆ ప్రశ్నను పక్కన పెట్టేద్దాం.

నన్ను ఆపింది వేరే సంగతి. మీ ఉత్తరంలో నాటకం మీద ఇష్టం మూడుసార్లు ఇల్లు మారింది. మారిన ప్రతిసారీ మీరు పాత ఇంటిని తిట్టారు. కాలేజీకి వచ్చాక భాగోతం “మొరటు” అనిపించింది. పరిషత్తుల్లోకి వెళ్లాక వీధి నాటకం “నినాదాలు” అయింది. హరిశ్చంద్ర వేషం కట్టాక పరిషత్తు నాటికలు “డ్రాయింగ్ రూం ఏడుపులు” అయ్యాయి. (ఈ మాటకు గట్టిగానే నవ్వాను. కానీ పుష్కరం పాటు ఆ ఏడుపులు ఏడ్చింది మీరే కదా.) ప్రతిసారీ ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. చౌరస్తా నుంచి మూడు గోడల సెట్టులోకి వచ్చినప్పుడు కాళ్ల ఆట పోయింది. దాని చోట మెల్లగా మాట్లాడటం, మాట్లాడకుండా ఊరుకోవడం నేర్చుకున్నారు. నాటిక నుంచి పద్యానికి వచ్చినప్పుడు ఆ ఊరుకోవడం పోయి గొంతు వచ్చింది. అప్పుడెప్పుడూ మీకు దిగులు కలగలేదు, ఎందుకంటే పెట్టే బేడా సర్దుకున్నది మీరే. ఈసారి ఇంటి ఓనరు వచ్చి ఖాళీ చేయమన్నాడు. పండ్లు కూడా తెచ్చాడు. కోపం రాకుండా ఎలా ఉంటుంది?

కాబట్టి మీకున్నది ప్రేమ కాదేమోనన్న అనుమానాన్ని నేను నమ్మడం లేదు. మీకు తగిలింది అవమానం. దానికి మందు వేరు, ప్రేమ లేకపోవడానికి మందు వేరు. నాలుగు లక్షల ఆలోచన ఈ రెండింటిలో దేనికో ముందు తేలాలి.

హార్మోనియం ఆయన గురించి ఒక మాట. ఇరవై నాలుగేళ్లు పక్కన కూర్చున్న మనిషికి మీ ఊపిరి ఎక్కడ అయిపోతుందో మీకంటే ముందే తెలుస్తుంది. అందరి ముందూ “శృతి తగ్గిద్దామా సార్” అని అడగడం ఇష్టం లేక, తన వేళ్లతో సర్దేశాడు. కళ్లలోకి చూడకపోవడాన్ని మీరు జాలి అనుకున్నారు. ఆయనకు సిగ్గు వేసి ఉండొచ్చు. తన వయసు గుర్తొచ్చి ఉండొచ్చు. మీ సమాజంలో మీ ఈడువాడు ఆయనొక్కడే అని మీరే రాశారు. పదకొండు పేజీల్లో ఎక్కడా ఆయనతో మాట్లాడినట్టు లేదు. సమాజం సంగతి తర్వాత, ముందు ఆయనతో ఒక కప్పు చాయ్ తాగాల్సింది ఉందనిపిస్తోంది.

ఇక డబ్బు. సొంతంగా ఆడొద్దని నేను చెప్పను. ఇల్లు గడవడానికి, వైద్యానికి, ఆమె పేరు మీద ఉండాల్సినదానికి పోను మిగిలిన డబ్బయితే, ఒక మనిషి తన సంపాదనలో కొంత తన ఇష్టానికి పెట్టుకోవడం పాపమేమీ కాదు. కూతురి పెళ్లి భోజనాలకు ఇంతకు మించి ఖర్చు పెట్టి ఎవరూ ఉత్తరం రాయరు. కానీ మీరు రాసిన లెక్కలో హాలు ఉంది, మేకప్ ఉంది, డ్రెస్సులు, సీన్లు ఉన్నాయి, చంద్రమతి వేషానికి బయటి నుంచి వచ్చే ఆవిడ పారితోషికం, తబలా, హార్మోనియం ఉన్నాయి. రిహార్సల్స్ లేవు. పిలిపించిన ఆర్టిస్టులు వాళ్ల పద్యాలు వాళ్లు కంఠతా పట్టుకుని ఆ సాయంత్రం దిగుతారు, ఆడతారు, రాత్రికే బస్సెక్కుతారు. మీరు ఇరవై నాలుగేళ్లు ఆడింది అలాంటి నాటకం కాదు. రోజూ సాయంత్రం ఆరింటికి ఎవరో తాళం తీసి, ఎవరో మిర్చీలు తెచ్చి, ఒకరి తప్పును ఇంకొకరు కప్పుకుంటూ ఆడారు. ఆ ఒక్క రాత్రికి కిరీటం దొరుకుతుంది, ఆ సాయంత్రాలు దొరకవు. పైగా ఊళ్లో నాటకాల వాళ్ల లోకం చిన్నది. మీకు తబలా వాయించేది మళ్లీ ఆ సమాజంలో వాయించే అబ్బాయే. మీ వైపు వస్తే వాళ్లకు కోపం, రాకపోతే మీకు కోపం.

అయినా ఆడాలనే ఉంటే సమాజం గిమాజం పెట్టకండి. రిజిస్ట్రేషన్, రబ్బరు స్టాంపు, లెటర్‌హెడ్డు మొదలైతే నాటకం మానేసి మీటింగులు మొదలవుతాయి. ఒకే ఒక్క ప్రదర్శన, దానికో లెక్క, దాటితే ఆపేయాలన్న గీత. అది కూడా ఆమెకు చెప్పిన తర్వాతే.

ఆమె దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మీరు ఆగలేదు. కూరగాయలు తరుగుతూ చంద్రమతి మాటలు అందించేదని మధ్యలో ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయారు. సార్, ఆ పనికి పేరేమిటి? ఇరవై నాలుగేళ్లుగా మీ ఇంట్లో ప్రాంప్టింగ్ ఇచ్చింది ఆమె. మీరు ఎక్కడ తడబడతారో ఆమెకు తెలుసు, ఆ మూడో పాదం కూడా ఆమెకు వచ్చే ఉంటుంది. ఆ పని చేస్తే చిన్నతనమని మీకు అనిపించిన రోజున, ఆమె వంటింట్లోనే ఉండి అందరికీ టీ పెట్టింది. సంతోషంగా ఉందని మీరు అనుకుంటున్నారు. నాకు తెలియదు, మీకూ తెలియదు, అడగలేదు కాబట్టి. మనిషి ఇంట్లో ఉండటం ఆమెకు హాయిగా ఉండొచ్చు. మూడు నెలలుగా ఇంట్లో పద్యం వినిపించకపోవడం ఆమెకు బాధగానూ ఉండొచ్చు. నాలుగు లక్షల సంగతి దాచి, తర్వాత పాస్‌బుక్కులో కనిపిస్తే మాత్రం, అప్పుడు ఆమెకు తగిలేది మీకు పండ్లు తెచ్చిన రోజున తగిలిన దెబ్బలాంటిదే. తన వెనక అందరూ కలిసి ఏదో నిర్ణయించేశారన్న బాధ.

వేషం వదలకుండా ఉండే దారి ఒకటుంది, మీకు తెలియనిది కాదు, కోపంలో గుర్తు రాలేదంతే. పద్య నాటకంలో ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు పంచుకోవడం మన జనానికి అలవాటు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు వస్తే ఎవరూ గొడవ చేయరు, పైగా పోల్చుకుని ఆనందిస్తారు. హరిశ్చంద్రులూ అంతే. సభ సీను నుంచి కాశీ దాకా కుర్రాడు, కాటి సీను మీరు. కాటి సీను హరిశ్చంద్రుడు రాజ్యం పోయి, ఆలినీ కొడుకునీ అమ్ముకుని, వీరబాహుడి దగ్గర బంటుగా ఉన్నవాడు. ఒక మెట్టు దిగిన గొంతు ఆ మనిషికి నప్పుతుందనే నేనంటాను. అయితే అందులో పద్యాల బరువు మీకు తెలుసు. జాషువా గారి శ్మశాన పద్యాలు నటులే తెచ్చి ఆ సీనులో కలిపేశాక, దానికోసమే వచ్చే జనం ఉన్నారు. శృతి దించి పాడతానని ముందే ఒప్పుకుని, రెండు పద్యాలు తగ్గించుకుంటే కుదురుతుంది. పట్టుదలకు పోయి పాత శృతిలోనే పాడతానంటే కుదరదు.

అది వద్దంటే విశ్వామిత్రుడు ఉన్నాడు, చంద్రమతిని కొనుక్కున్న కాలకౌశికుడు ఉన్నాడు. కాలకౌశికుడంటే మీకు నచ్చకపోవచ్చు, నవ్విస్తాడు కదా. కానీ పరిషత్తు నాటికల్లో పన్నెండేళ్లు మాట విరవడం నేర్చుకున్న మనిషి కాలకౌశికుడు వేస్తే ఎలా ఉంటుందో చూడాలని నాకైతే ఉంది. ఇబ్బంది ఒకటే. అదే స్టేజీ మీద, మీ కళ్లముందే ఇంకొకరు మీ కిరీటం పెట్టుకుని నిలబడతారు. అది రెండు రోజుల్లో పోయే మంట కాదు.

ప్రాంప్టింగ్ సంగతి. మీకది డిమోషన్‌లా వినిపించింది. 1885 నుంచి నాటకాలే బతుకుగా ఆడుతున్న సురభి కుటుంబాల్లో పిల్లవాడు ఒళ్లో ఉండగానే స్టేజీ ఎక్కుతాడు, పెద్దయ్యాక రాజవుతాడు, ఇంకా పెద్దయ్యాక తెర లాగుతాడు, స్టేజీ మీద మాయలు చూపించే తీగలు చూసుకుంటాడు, పిల్లలకు మాటలు నేర్పుతాడు. అదంతా అక్కడ ఒకే బతుకు. మన అమెచ్యూర్ సమాజాల్లో మాత్రం వేషం దొరకనివాడికి ఇచ్చే పనిగా తయారుచేశారు, అందుకే మీకు అలా అనిపించింది. పని గురించి ఆలోచించి చూడండి. నటుడు ఆగిపోయాడు. ఆ ఆగడం దుఃఖంతోనా, మరుపుతోనా? సగం సెకనులో తేల్చుకోవాలి. దుఃఖంతో ఆగినవాడికి మాట అందిస్తే సీను పాడవుతుంది, మరిచిపోయినవాడికి అందించకపోతే మనిషి పోతాడు. నాటికల్లో మౌనం నేర్చి, పద్యంలో ఊపిరి నేర్చినవాళ్లకే ఈ తేడా పట్టుబడుతుంది. మీ సమాజంలో ఆ రెండూ తెలిసినవాళ్లు ఇంకెవరున్నారు?

కుర్రాడు అన్న మాటను మళ్లీ చదివాను. “ప్రాంప్టింగ్ ఇవ్వండి” అని అతను అనలేదు, అది పెద్దవాళ్లన్న మాట. అతను అన్నది తనకు ధైర్యం అని. ఒప్పుకునేటట్టయితే మీ షరతులు మీరు చెప్పుకోవచ్చు. ప్రదర్శన రోజు వింగ్‌లో నిలబడటమే కాకుండా మొదటి రోజు నుంచి రిహార్సల్‌లో పద్యం చెప్పించే పని మీదే అనండి, కరపత్రంలో ఆ పేరుతోనే వేయమనండి. అడగడానికి మొహమాటపడకండి.

ఇందులో ప్రమాదం కూడా ఉంది, మీ వైపు నుంచే. హరిశ్చంద్ర వేషానికి పేరుపడ్డ డి.వి. సుబ్బారావు గారి క్యాసెట్లు అరిగిపోయేదాకా విని, ఆయన దగ్గు వస్తే అక్కడ కూడా దగ్గేటంతగా అనుకరించినవాళ్లు హరిశ్చంద్ర వేషాల్లో ఉన్నారని అంటుంటారు. మీ కుర్రాణ్ని మీ నకలుగా తయారుచేస్తే అతను రెండేళ్లలో విసిగిపోతాడు, మీరు మూడేళ్లలో. రాగం ఎక్కడ తీయాలో చెప్పండి, ఎంతసేపు తీయాలో వదిలేయండి.

ఇక గొంతు గురించి గబగబా. వయసుతో స్వరతంత్రులు పలచబడతాయి, నిజమే. కానీ గొంతు ఎండిపోవడం, పుల్లటి తేన్పులు, కొన్ని బీపీ మందులు కూడా గొంతును పాడుచేస్తాయి. చెవి ముక్కు గొంతు డాక్టరుకు ఒకసారి చూపించుకోండి. మరుపు స్టేజీ మీద మాత్రమే ఉంటే అది టెన్షన్ కావచ్చు. గ్యాసు కట్టేయడం, తెలిసిన పేర్లు, తాళంచెవుల దగ్గర కూడా ఉంటే దాచుకోకుండా డాక్టరుకు చెప్పండి.

ఇక మీరు లేచి వచ్చేసిన కుర్చీ. కాళోజీ కళాక్షేత్రానికి 2014లో పునాదిరాయి వేస్తే 2024 నవంబరుకు తలుపులు తెరుచుకున్నాయి. పదేళ్లు దాని కోసం మీలాంటివాళ్లంతా ఎదురుచూశారు. తీరా మంచి హాలు వచ్చేసరికి మీరు అందులో ఇంటర్వెల్‌కే లేచారు. నాటకం బాగాలేకనా? అలా రాయలేదు. “ఆ లైటింగ్ నాకు దక్కాల్సింది” అని రాశారు. కొన్నాళ్లు అలాగే ఉంటుంది. వంట బాగా వచ్చినవాళ్లు పెళ్లి భోజనంలో తృప్తిగా తినలేరు, ఉప్పు చూస్తూ కూర్చుంటారు.

కానీ ఓరుగల్లుకు చూసేవాడి పరువు కొత్త కాదు. దాదాపు ఆరు వందల ఏళ్ల కింద వచ్చిన క్రీడాభిరామం మన ఊరి గురించిన రూపకం. అందులో రాజు కథ లేదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు పొద్దుటి నుంచి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. పల్నాటి వీరుల కథ పాడుతుంటే ఆగి వింటారు, పాటలు పాడే జక్కుల కులపు ఆవిడ పాట దగ్గర నిలబడతారు, పొట్టేళ్ల పందెం, కోళ్ల పందెం చూస్తారు, తింటారు, వెక్కిరించుకుంటారు. చూడటమే వాళ్ల పని, వాళ్లే నాయకులు. ఆ పుస్తకాన్ని మీరు క్లాసులో చెప్పే ఉంటారు. మీకూ ఒక టిట్టిభసెట్టి కావాలి, అంతే. ఒంటరిగా పోతే కుర్చీ గుచ్చుతుంది. హార్మోనియం ఆయనతో కలిసి పోయి, వెనక వరసలో కూర్చుని గుసగుసగా తప్పులు పడుతూ చూడండి. మీ ఇంటావిడను తీసుకుపోతే ఇంకా మంచిది. ఇరవై నాలుగేళ్లలో ఆమె ఎన్ని నాటకాలు ముందు నుంచి చూసింది?

ఆఖరుగా మీరు అడగని దారి. రెండు పేజీలు రాసిన ఆ భాగోతం రాత్రి తర్వాత, ఆ చిందోళ్లు ఏమయ్యారో మీ ఉత్తరంలో లేదు. అప్పుడు మీ ఊరి మీద మిరాసి, అంటే ఆ ఊళ్లో ఆడే వంశపారంపర్య హక్కు, ఉన్న కుటుంబం ఏదో ఒకటి ఉండే ఉంటుంది. వాళ్ల మనవలు ఇప్పుడు ఆటో నడుపుతుండొచ్చు, ఇంకా ఆడుతూనూ ఉండొచ్చు. చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది, మీ జనగామ జిల్లా మనిషే. నిజామాబాద్ వైపు చిందుల ఎల్లమ్మ ఆడవేషాలతో పాటు మగవేషాలూ కట్టి నిలబడింది. ఆ నాలుగు లక్షల్లో చిన్న ముక్క చాలు, మీరు పని చేసిన బళ్లో ఆ పిల్లల ముందు ఒక రాత్రి భాగోతం ఆడించడానికి. అయితే దీన్ని కూడా తేలిగ్గా చెప్పను. శాలువా కప్పి, ఫోటో దిగి వచ్చేస్తే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. వాళ్ల రేటు వాళ్లనే అడగండి, బేరం ఆడకండి. ఆ రోజుల్లో మన ఊళ్లు వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టి ఎట్లా అన్నం పెట్టాయో కూడా మీకు గుర్తుకు రావచ్చు, ఆ గుర్తు బాగుండకపోవచ్చు. పైగా ఇందులో మీకు వేషం ఉండదు. గొంగడి మాత్రం ఉంటుంది.

యూట్యూబ్ గురించి మీ అబ్బాయికి ఏం చెప్పాలో తెలియడం లేదన్నారు. ఏమీ చెప్పకండి. వాడు ఇంటికి వచ్చినప్పుడు ఫోన్ స్టాండు పెట్టి మీ పద్యాలు పది రికార్డు చేయమనండి, ఎక్కడా పెట్టకుండా.

వీటిలో ఏది చేయాలన్నది మీరు, మీ ఇంటావిడ, కొంతవరకు హార్మోనియం ఆయన తేల్చాల్సిన సంగతి. డబ్బు దారి మాత్రం మూడు నెలలు ఆగినా ఎక్కడికీ పోదు. కుర్రాడి దారికి గడువు ఉంది.

ఒకటి చూసి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. వాట్సాప్‌కు జవాబు ఇవ్వడం లేదని రాశారు కదా. మీ పదో పేజీ మార్జిన్‌లో, వేరే పెన్నుతో, అడ్డంగా ఇలా ఉంది: “రెండో పాదంలో ఊపిరి ముందే తీసుకుంటున్నాడు. యతి దగ్గర ఆగి తీసుకుంటే నాలుగో పాదం దాకా వస్తుంది.” నాకు పద్యం పాడటం రాదు సార్, అది నాకు ఉపయోగపడదు. పొరపాటున నాకు పంపినట్టున్నారు. ప్రదర్శనకు ఇంకా ఐదు వారాలు ఉందని కూడా మీరే రాశారు.